అర్థం తెలుసు, మాట తెలియదు: నిఘంటువును తిరగేసి నుడికట్టు నింపడం

గళ్ళ నుడికట్టు ముందు కూర్చున్నాం. అడ్డం 7: "ఏనుగు పిల్ల (3)". అర్థం కళ్ళ ముందే ఉంది, కావలసిన మాట మాత్రం లేదు. చేతికి అందే దూరంలో నిఘంటువు ఉన్నా అది అకారాది క్రమంలో ఉంటుంది కాబట్టి, మాట మొదటి అక్షరం తెలిస్తేనే పేజీ తీయగలం. అసలు మనకు తెలియనిది ఆ మాటే.

నిఘంటువు మాట నుంచి అర్థానికి వేసిన దారి. నుడికట్టు అడిగేది అర్థం నుంచి మాటకు. ఒక దారిని ఎదురు దిశలో నడవడం ఎంతవరకు సాధ్యమో, ఎక్కడ కాలు జారుతుందో తెలుసుకోవాలంటే నిర్వచనాల్లో వాడే మాటల్ని కాస్త దగ్గరగా చూడాలి. ఈమధ్య ఫోన్‌లో ఆధారం టైప్ చేస్తే యంత్రమే జవాబు చెబుతోంది. ఒక్కోసారి ఆ జవాబు గడుల్లో పట్టదు, ఎందుకు పట్టలేదో మనకు అర్థం కాదు. దానికి కారణం కూడా ఈ నిర్వచనాల దగ్గరే దొరుకుతుంది.

అర్థాల వరసలో కూర్చిన పుస్తకాలు కొత్తవి కావు

అకారాది నిఘంటువులకు అలవాటుపడ్డాక మనం మరిచిపోతాం గానీ, మన దగ్గర నిఘంటువు మొదట అర్థాల వరసలోనే నడిచింది. అమరసింహుడి 'అమరకోశం' అక్షర క్రమంలో ఉండదు. స్వర్గం, పాతాళం, భూమి, చెట్లూ మందులూ, సింహం మొదలైన జంతువులు అని వర్గాలుగా ఉంటుంది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్ర నామ సంగ్రహం' కూడా దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలుగా సాగే పద్యాల నిఘంటువే. ఇంగ్లిష్‌లో ఇలాంటి పనికి పేరు తెచ్చిన పీటర్ మార్క్ రోజెట్ పర్యాయపద కోశం అచ్చయింది 1852లో. అదే ఏడాది సి.పి. బ్రౌన్ అకారాది తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు కూడా వెలువడింది. రెండు దారులూ ఒకే సంవత్సరంలో అచ్చుకెక్కడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఆర్థర్ విన్ తొలి క్రాస్‌వర్డ్ 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వచ్చింది 1913 డిసెంబరు 21న. అంటే అర్థం నుంచి మాటకు వెళ్ళే పుస్తకాలు నుడికట్టు పుట్టకముందే ఉన్నాయి.

మరి అలాంటి పుస్తకం ఉంటే సమస్య తీరిపోవాలి కదా? తీరదు. అర్థాల వరస ఎవరు కట్టారో వాళ్ళ బుర్రలోని వరస అది. ఏనుగు పిల్ల కోసం అమరకోశంలో వెతకాలంటే ఎవరైనా ముందు సింహాదివర్గం తెరుస్తారు, జంతువులు ఉండేది అక్కడే కాబట్టి. కానీ ఏనుగు అక్కడ ఉండదు. రాజు సైన్యంలో భాగం కనుక క్షత్రియవర్గంలో ఉంటుంది. "కలభః కరిశావకః" అన్న ముక్క అక్కడ దొరుకుతుంది. మన అడ్డం 7కి జవాబు అదే: కలభం.

నిర్వచనంలో రెండు రకాల మాటలు

చాలా నామవాచకాల నిర్వచనంలో రెండు భాగాలుంటాయి. ఒకటి అది ఏ కోవలోదో చెప్పే మాట, రెండోది ఆ కోవలో దాన్ని విడదీసి చూపే మాట. వీటిని ఇక్కడ కోవ మాట, గుర్తు మాట అందాం. కలభం అంటే 'ఏనుగు పిల్ల'. పిల్ల అన్నది కోవ, ఏనుగు అన్నది గుర్తు.

నిఘంటువు కంప్యూటర్‌లో ఉండి, అర్థాల్లో కూడా వెతికే వీలుంటే, 'పిల్ల' అని వెతికితే ఏం జరుగుతుంది? దూడ, లేగ, శాబకం, గున్న, కలభం అన్నీ వచ్చిపడతాయి. ఆడపిల్ల అన్న అర్థమున్న మాటలన్నీ కూడా వాటితో కలుస్తాయి. 'ఏనుగు' అని వెతికితే ఇంకో గుంపు. గజం, కరి, దంతి, హస్తి, ఇభం, కుంజరం లాంటి పర్యాయపదాలు ఒకవైపు. ఏనుగు చుట్టూ అల్లుకున్న మాటలు మరోవైపు: దాన్ని నడిపే మావటి, అదుపు చేసే అంకుశం, దాని మీద వేసే అంబారీ, అది చేసే ఘీంకారం, ఆడ ఏనుగైన కరిణి. ఒక్క గుర్తు మాట పట్టుకుంటే ఒక లోకమంతా కదిలి వస్తుంది. ఇది చూసినప్పుడల్లా నిఘంటువు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

రెండు గుంపుల్లోనూ ఉన్నవి మాత్రం కొన్నే: కలభం, గున్న, ఇంకా ఒకటి రెండు. గున్న రెండక్షరాలు. మూడు గడులకు కలభం సరిపోయింది.

ఇక్కడ తేలే సంగతి ఏమిటంటే, వెతకడానికి పనికొచ్చేది సాధారణంగా గుర్తు మాట. కోవ మాటలు (వస్తువు, జంతువు, చోటు, పని, ఒకవిధమైన) నిఘంటువులో వేల చోట్ల ఉంటాయి. గుర్తు మాట ఎంత అరుదైతే వడపోత అంత బాగా జరుగుతుంది. "గుర్రాలను కట్టే చోటు (2)" అన్న ఆధారంలో 'చోటు' దాదాపు ఏమీ చెప్పదు, 'గుర్రం' చాలావరకు చెప్పేస్తుంది. జవాబు లాయం.

గుర్రం అని వెతికితే గుఱ్ఱము దొరకదు

పైన చెప్పింది సాఫీగా జరిగే కథ. తెలుగులో అది అంత సాఫీగా నడవకపోవడానికి మూడు గట్టి కారణాలున్నాయి.

మొదటిది వర్ణక్రమం. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రచురించిన 'శబ్దరత్నాకరం' లాంటి నిఘంటువులు గ్రాంథికంలో ఉంటాయి. మనం 'గుర్రం' అంటాం, వాటిలో 'గుఱ్ఱము' ఉంటుంది. బండి ఱ, మామూలు ర కంప్యూటర్‌కు రెండు వేర్వేరు అక్షరాలు. అరసున్న కూడా అంతే. మన కంటికి కనిపించీ కనిపించనట్టుండే ఆ చిన్న గుర్తు, యంత్రానికి పూర్తి తేడా. అందుకే పాత నిఘంటువుల్లో ఒకే మాటను రెండు మూడు రూపాల్లో వెతకాల్సి వస్తుంది.

రెండోది విభక్తులు. గుర్రం నిర్వచనంలోకి వచ్చేసరికి గుర్రపు, గుర్రాలు, గుర్రాలను అవుతుంది. 'గుర్ర' అని కోసి వెతికితే ఇవన్నీ దొరుకుతాయి. కానీ కొన్ని మాటలు అలా కోతకు లొంగవు. ఇల్లు 'ఇంటి' అవుతుంది, కన్ను 'కంటి' అవుతుంది, నీరు 'నీటి', ఏఱు 'ఏటి' అవుతాయి. "ఏటి ఒడ్డు" అన్న అర్థం ఉన్న మాట కోసం ఏరు అని వెతికితే, ఏరుకోవడానికి సంబంధించినవి కొన్ని వస్తాయి తప్ప నది ఒడ్డు రాదు.

మూడోది చాలామందిని తప్పుదోవ పట్టించేది. పాత నిఘంటువులో ఆరోపం, అంటే తలమాట, 'కలభము' అని ఉంటుంది. లెక్కపెడితే నాలుగక్షరాలు. నుడికట్టులో మనకు కావలసింది మూడక్షరాల 'కలభం'. మూడు గడులకు సరిపోయే మాటల కోసం చూస్తూ నాలుగక్షరాల వాటిని దాటేస్తే, జవాబు కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోతుంది. చివర 'ము' ఉన్న మాటను ఒక అక్షరం తక్కువగా లెక్కేసుకోవడం అలవాటు కావాలి. నాకు ఈ సంగతి తట్టడానికి చాలా కాలమే పట్టింది. తట్టిన తర్వాత, అంతకుముందు 'నిఘంటువులో లేదు' అని వదిలేసిన మాటలు చాలా దొరికాయి.

మాటలోనే దాక్కున్న నిర్వచనం

తెలుగు నుడికట్టుకు మరో సౌకర్యం ఉంది. మనం వాడే సంస్కృత పదాల్లో చాలావాటికి నిర్వచనం మాట లోపలే ఉంటుంది. దాన్నే వ్యుత్పత్త్యర్థం అంటారు. మాటను ముక్కలుగా విడదీస్తే వచ్చే అర్థం అన్నమాట.

తాగేది అన్న అర్థంలో 'ప' ఉంది. మధుపం తేనె తాగేది, తుమ్మెద. పాదపం పాదాలతో, అంటే వేళ్ళతో తాగేది, చెట్టు. ద్విపం రెండింటితో, అంటే తొండంతోనూ నోటితోనూ తాగేది, ఏనుగు. నిఘంటువు అర్థాల్లో 'త్రాగునది' అని వెతికితే తుమ్మెదా చెట్టూ ఏనుగూ ఒకే వరసలో వచ్చి నిలబడతాయి. మామూలు లెక్కలో ఈ మూడింటికీ ఏ పొత్తూ లేదు. అయితే 'ప'కు కాపాడేవాడు అన్న అర్థం కూడా ఉంది. భూపుడు భూమిని కాపాడేవాడు, నృపుడు మనుషుల్ని కాపాడేవాడు. ముక్క ఒకటే అయినా ధాతువులు రెండు. కాబట్టి ముక్కను బట్టి ఊహించుకున్నా, అర్థాన్ని నిఘంటువులో ఒకసారి సరిచూసుకోక తప్పదు.

నీటి మాటల దగ్గర ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 'జం' అంటే పుట్టింది, 'దం' అంటే ఇచ్చేది, 'ధి' అంటే నిలుపుకొన్నది. జలజం తామర, జలదం మేఘం, జలధి సముద్రం. జలానికి బదులు నీటిని చెప్పే ఏ మాట పెట్టినా ఇదే వరస: అంబుజం, అంబుదం, అంబుధి, వారిజం, వారిదం, వారిధి, నీరజం, నీరదం, నీరధి.

ఇప్పుడు ఒక ఆధారం చూద్దాం. "మేఘం (3)". జవాబు కాగలిగినవి జలదం, వారిదం, నీరదం, అంబుదం, తోయదం, పయోదం. ఆరూ మూడక్షరాలే. నిలువు మాటలు నింపగా ఈ వరసలో మూడో గడిలో 'దం' పడిందనుకుందాం. సంతోషించాల్సిన పని లేదు, ఆరింటి చివరా ఉన్నది అదే. అదే మొదటి గడిలో 'తో' పడితే ఒక్క దెబ్బతో తోయదం ఖాయం. రెండో గడిలో 'యో' పడినా పయోదం ఖాయమే.

అడ్డంగా, నిలువుగా కలిసే అక్షరాలన్నీ సమానం కావు. మిగిలిన అభ్యర్థులు ఏ చోట విడిపోతున్నారో అక్కడి అక్షరానికే విలువ. ఆరు మాటలు చేతిలో ఉన్నప్పుడు, తర్వాత ఏ నిలువు ఆధారం మీద కూర్చోవాలో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

"ఇసుక తిన్నె (3)" కూడా ఇలాంటిదే. సైకతం, పులినం రెండూ సరిపోతాయి. మొదటి రెండు గడుల్లో ఏ ఒక్కటి తెలిసినా తేలిపోతుంది, మూడోది తెలిస్తే 'తం', 'నం' తేడాతో కూడా తేలుతుంది. మేఘం కంటే ఇది సుళువు.

ఒక్క అడుగులో అందకపోతే

ఆధారం రాసినవారు, నిఘంటువు రాసినవారు ఒకే మాటలు వాడాలని లేదు. నిజానికి కూర్పరులు కావాలనే మాట మారుస్తారు. నిఘంటువులో ఉన్నది ఉన్నట్టు దింపితే వాళ్ళకు తృప్తి ఉండదు.

"పాముల శత్రువు (3)" అని ఉందనుకుందాం. 'పాము', 'శత్రువు' రెండూ ఉన్న నిర్వచనం దొరక్కపోవచ్చు. అప్పుడు ఆధారంలోని మాటను దాని పర్యాయపదంతో మార్చి మళ్ళీ వెతకాలి. పాము బదులు సర్పం, భుజంగం, నాగం, ఉరగం. శత్రువు బదులు చంపేది, తినేది. భుజంగం పట్టుకుని వెళితే 'భుజంగభుక్కు' తగులుతుంది, పామును తినేది అని. ఆ మాట తీస్తే అర్థం 'నెమలి'. మూడక్షరాలు. మరో దారిలో ముంగిస వస్తుంది. అదీ మూడే. ముంగిసకు సంస్కృతం నకులం. అదీ మూడే. ఇక కలిసే అక్షరాలే తీర్పు చెప్పాలి.

ఇలా రెండడుగులు వేయడం మంచిదే. మూడో అడుగు నుంచి మాత్రం జాగ్రత్త పడాలి. పర్యాయపదానికి పర్యాయపదం, దానికి మళ్ళీ పర్యాయపదం అంటూ పోతే, ప్రతి మెట్టు దగ్గరా అర్థం కొంచెం జరుగుతూ ఎక్కడికో చేరుతుంది.

యంత్రం ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ తడబడుతుంది

ఈ అడుగుల్ని యంత్రం చేత వేయించడానికి చాలా ప్రయత్నాలు జరిగాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ 1985లో మొదలుపెట్టిన వర్డ్‌నెట్ ఇంగ్లిష్ మాటల్ని పర్యాయపదాల గుంపులుగా కట్టి, గుంపుల మధ్య 'ఇది దానిలో ఒక రకం', 'ఇది దానిలో భాగం' వంటి లంకెలు వేసింది. అదే తరహా ఇండోవర్డ్‌నెట్‌లో తెలుగు కూడా ఉంది. వన్‌లుక్ లాంటి సైట్లు ఇంగ్లిష్‌లో అర్థం టైప్ చేస్తే మాటల జాబితా ఇస్తాయి, తెలిసిన అక్షరాలు రాసి తెలియని చోట ప్రశ్న గుర్తు పెట్టే వీలు కూడా ఇస్తాయి.

తర్వాతి మెట్టు, మాటల్ని అంకెల వరసలుగా మార్చడం. ఏ మాట ఏ మాటల సరసన కనిపిస్తుందో చూసి, దగ్గరి అర్థాలున్న మాటలకు దగ్గరి అంకెలు వచ్చేలా యంత్రానికి నేర్పుతారు. 2013లో గూగుల్ పరిశోధకుల వర్డ్2వెక్ ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. 2016లో ఒక పరిశోధక బృందం నిఘంటు నిర్వచనాల్నే పాఠంగా పెట్టి, నిర్వచనం చదివి మాట చెప్పేలా యంత్రానికి నేర్పింది. దాన్ని క్రాస్‌వర్డ్ ఆధారాల మీద కూడా పరీక్షించింది. ఇక్కడ 'శత్రువు' అన్న మాట నిర్వచనంలో ఉండి తీరాల్సిన పని లేదు. 'చంపేది' అన్నా యంత్రం దగ్గరికి చేరుకుంటుంది.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. దగ్గరితనం అంటే సమానత్వం కాదు. వేడి, చల్లదనం ఒకే రకం వాక్యాల్లో వస్తాయి కాబట్టి యంత్రం లెక్కలో అవి దగ్గరి మాటలు. నుడికట్టుకు అవి పూర్తిగా వ్యతిరేక జవాబులు. అక్షరాల్ని పట్టి చూసే పాత వెతుకులాటలో దొరికేవి తక్కువే. కానీ దొరికిన మాట ఎందుకు దొరికిందో నిర్వచనం చూసి చెప్పవచ్చు. అర్థాన్ని పట్టే కొత్త పద్ధతిలో ఎక్కువ దొరుకుతాయి, ఎందుకు దొరికాయో చెప్పడం కష్టం. నాకు రెండూ కావాలి. మొదట కొత్త పద్ధతితో అభ్యర్థుల్ని పోగు చేసుకుని, ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ నిఘంటువులో సరిచూసుకోవడమే సరైన వరస అనిపిస్తుంది.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది, లెక్కపెట్టడంలో. మన గడిలో ఒక అక్షరం పడుతుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, ఒక్క గడి. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'కలభం' మూడు గడులు, నాలుగు సంకేతాలు. ఒక ప్రశ్న గుర్తుకు ఒక సంకేతం అనుకునే సాధనం తెలుగులో తప్పుడు జాబితా ఇస్తుంది. మాటలతో సంభాషించే కొత్త కృత్రిమ మేధ యంత్రాలు పాఠాన్ని తమ సొంత ముక్కలుగా కోసుకుని చదువుతాయి, ఆ ముక్కలు మన అక్షరాలతో సరిపోవు. అర్థం సరిగ్గా చెప్పి, మూడక్షరాలని అడిగితే నాలుగక్షరాల మాట ఇచ్చేది ఇందుకే.

కలిసే అక్షరాల సాయం ఉన్నప్పుడు మాత్రం యంత్రం చాలా దూరం పోగలదు. 2021లో డాక్టర్ ఫిల్ అనే ప్రోగ్రామ్ అమెరికన్ క్రాస్‌వర్డ్ పోటీలో మనుషులందరి కంటే ఎక్కువ స్కోరు సాధించింది. ప్రతి ఆధారానికీ చాలా అభ్యర్థుల్ని పెట్టుకుని, గడులన్నీ ఒకదానితో ఒకటి పొసిగే కూర్పు కోసం వెతకడమే దాని బలం.

వంకర ఆధారంలో నిర్వచనం ఎక్కడ ఉంది?

సూటి ఆధారాల సంగతి ఇది. గూఢంగా రాసే ఆధారాల్లో ముందు నిర్వచనాన్ని వేరు చేయాలి. "తల తీసిన నగరంలో విషం (2)". మొత్తం వాక్యాన్ని నిఘంటువులో వెతికితే ఏమీ రాదు. ఇందులో నిర్వచనం 'విషం' ఒక్కటే, మిగతాది అక్షరాల ఆట. నగరం తల తీస్తే 'గరం'. విషం అన్న అర్థంతో నిఘంటువులో వెతికితే గరళం, కాలకూటం, హాలాహలం మధ్య గరం కూడా కనిపిస్తుంది. ఇక్కడ నిఘంటువు జవాబు ఇవ్వలేదు, వచ్చిన జవాబు సరైనదని సాక్ష్యం చెప్పింది. "తిరగబడ్డ నదిలో రోజు (2)" కూడా అంతే: నది తిరగబడితే దిన.

చూసి నింపడం తప్పా?

దీని మీద పూరించేవారిలో రెండు వాదాలున్నాయి. నుడికట్టు ఉన్నది బుర్రకు పదును పెట్టడానికి, చూసి రాస్తే ఆ పదును పోతుందన్నది ఒకటి. కూర్పరి కూడా నిఘంటువు ముందు పెట్టుకునే కూర్చాడు, అలాంటప్పుడు మనం తెరిస్తే తప్పేమిటి, కొత్త మాట నేర్చుకోవడమూ లాభమే కదా అన్నది రెండోది.

1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఈ తగవును కొంత తేటపరుస్తుంది. వాళ్ళు విద్యార్థులకు అరుదైన మాటల నిర్వచనాలు చదివి వినిపించి, ఆ మాటేమిటో చెప్పమన్నారు. నాలుక చివర ఉండి బయటికి రాని స్థితిలో ఉన్నవాళ్ళు, మాట చెప్పలేకపోయినా దాని మొదటి అక్షరమో, ఎన్ని పలుకులున్నాయో చాలాసార్లు సరిగ్గా చెప్పగలిగారు. అంటే తెలిసిన మాటకు లోపల తీగ ఉంటుంది. ఒక్క అక్షరం పడినా లాగితే వస్తుంది, కాసేపు ఆగితే నిఘంటువు అక్కర్లేదు. అసలు ఎన్నడూ వినని మాటకు ఆ తీగే లేదు. ఎంతసేపు కూర్చున్నా రాదు. అక్కడ నిఘంటువు తెరవడం ఓటమి కాదని నా అభిప్రాయం. మొదటి వాదం తెలిసిన మాటల విషయంలో సరైనది, రెండోది తెలియని మాటల విషయంలో.

కష్టమల్లా ఈ రెండింటి మధ్య ఉన్న మాటలతోనే. మాట తెలుసు, దానికి ఆ అర్థం ఉందని తెలియదు. "కప్ప (2)" అని ఉందనుకోండి. భేకం అని రాసేస్తాం. కానీ నిలువు ఆధారం నింపాక రెండో గడిలో 'రి' పడింది. నిలువు జవాబు సందేహం లేనిది. మండూకం, దర్దురం మూడేసి అక్షరాలు. ఎంత ఆలోచించినా ముందుకు సాగదు. నిఘంటువు అర్థాల్లో 'కప్ప' అని వెతికితే, సింహం, కోతి, గుర్రం, చిలుక, పాము, సూర్యుడు, చంద్రుడు అని బారెడు అర్థాలున్న ఒక మాటలో, ఎక్కడో మధ్యన కప్ప కనిపిస్తుంది. ఆ మాట 'హరి'.